డెల్టా శిల్పికి ఊరూర ఉత్సవము

ప్రతి సంవత్సరమును మే నెల 15వ తేదీన గోదావరి డెల్టాలో ఒక పండుగ జరుగును. అది పంచాంగములో కానవచ్చు పండుగ కాదు. ఆనాడు ఏ దేవునికిని కల్యాణము లేదు. ఏ రాజునకును పట్టాభిషేకము జరిగిన దినము కాదు. ఇంగ్లండులో పుట్టి, పదునెనిమిదేండ్ల ప్రాయమున మన దేశమునకు వచ్చి, మన నదికి ఆనకట్ట కట్టి, మన పొలములకు నీరు పారించిన సర్ ఆర్థర్ కాటన్ జన్మదినమది. 1803వ సంవత్సరమున ఆయన జన్మించెను. 1899 జూలై 24వ తేదీన తొంబదియారేండ్ల వయస్సున స్వదేశములో కన్నుమూసెను. ఆయన పోయి శతాబ్దము దాటినది. ఆయనను పంపిన ప్రభుత్వమును పోయినది. ఉత్సవము మాత్రము నిలిచియున్నది.

ధవళేశ్వరమున ఆనకట్టచెంతనున్న విగ్రహమునకు ఆనాటి ఉదయమున పూలమాలలు వేయుదురు. అధికారులును, ప్రజాప్రతినిధులును, రైతు సంఘములవారును వచ్చి సభ చేయుదురు. ఆ యూరిలోనే కాటన్ పేర ఒక మ్యూజియము కలదు. పిల్లలను వెంటబెట్టుకొని పోయి పెద్దలు దానిని చూపుదురు. అయితే మా మనస్సునకు హత్తుకొనునది ఈ పెద్ద సభ కన్న, కాలువ క్రింది పల్లెలలో జరుగు చిన్న వేడుక. లాకుల దగ్గర, వంతెనల మొగలలో, పంచాయతీ కచ్చేరీల ముందర కాటన్ దొర విగ్రహములు డెల్టా అంతట నిలిచియున్నవి. వానిని నిలిపినవారిలో రైతులే పెక్కురు. ఆనాడు విగ్రహమును కడిగి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు మాటలు చెప్పుకొని ఎవరి పనికి వారు పోవుదురు. గోదావరి స్నానము చేయునప్పుడు కాటన్‌ను స్మరించు సంస్కృత శ్లోకమును చెప్పుకొనువారును ఈ సీమలో కలరు. పరదేశీయుడొకడు మన తీర్థస్నానములో చోటు సంపాదించుట చిన్న సంగతి కాదు.

ఇంత ఆదరము ఎందులకు కలిగెనో తెలిసికొనవలెనన్న, ఆనకట్టకు ముందటి గోదావరి మండలమును ఒకమారు తలచుకొనవలెను. ఈనాడు ఈ ప్రాంతమును అన్నపూర్ణ అనుచున్నాము. నాడది అన్నమునకు అలమటించిన నేల. 1832-33లో వచ్చిన నందన కరవును పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. కృష్ణకు ఆవలి గుంటూరు మండలములో అయిదు లక్షల జనములో ఇంచుమించు రెండు లక్షలమంది ఆ కరవువాత బడిరని నాటి అంచనాలు తెలుపుచున్నవి. గోదావరికి ఈవలను స్థితి అంతకంటె మేలు కాదు. 1839 నవంబరులో తుపాను వచ్చి, సముద్రము పొంగి కోరంగి రేవును ముంచివేసినది. 1821లో 7,38,308గా నున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగజారెను. ఇరువదియేండ్లలో నలుగురిలో ఒకరు చొప్పున తరిగిపోయిరన్నమాట. కొందరు చనిపోయిరి, కొందరు మూటాముల్లె నెత్తిన బెట్టుకొని వలసపోయిరి.

ఇందులో విచిత్రమేమన, ఆ కరవు నీరులేని చోట వచ్చిన కరవు కాదు. త్ర్యంబకమున పుట్టి దక్కను పీఠభూమినెల్ల దాటి వచ్చిన మహానది ఆ యూళ్ల ప్రక్కనుండియే సముద్రమునకు పోవుచుండెను. వరద వచ్చినప్పుడు పంటను ముంచును. వరద తీసినప్పుడు పంట ఎండుచుండగా ఇసుక తిన్నెల నడుమ దిగువకు జారిపోవును. ఏటి గట్టున నిలుచున్న రైతునకు ఏటి నీరు అందదు. ఈ స్థితిని విచారించుటకై మద్రాసు ప్రభుత్వము సర్ హెన్రీ మాంట్‌గొమరీని నియమించినది. నీటి వసతిని పరిశీలించుటకు తగిన ఇంజనీరును పంపవలెనని ఆయన సూచించెను. అట్లు వచ్చినవాడు కాటన్.

కాటన్ అప్పటికే కావేరిని చదివినవాడు. 1836లో కొల్లడము నదిపై ఎగువ, దిగువ ఆనకట్టలు రెండింటిని ఆయన కట్టించెను. తిరుచిరాపల్లి చెంత, కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి కెక్కిన కల్లణై ఆయనకు గురువు. ఎంత త్రవ్వినను రాయి తగులని ఇసుకలో గట్టి పునాది నిలుపు విద్యను మీ పూర్వులయొద్దనే మేము నేర్చుకొంటిమని కాటన్ తరువాతి కాలమున స్వయముగా వ్రాసియుండెను. ఈ మాటను జయంతి సభలలో మనము తరచుగా చెప్పుకొనవలెను. తెల్లదొర వచ్చి తెలియని విద్య నేర్పెనని కొందరందురు. మనకు అన్నియు ముందే తెలియునని మరికొందరందురు. జరిగినది ఈ రెంటికిని నడుమనున్నది. తెలిసినవారియొద్ద వినయముతో నేర్చుకొని, నేర్చినదానిని ఇంకొక నదిపై పదింతలుగా ప్రయోగించిన పనివాని కథ ఇది.

ఆయన ప్రయోగించిన సూత్రము చెప్పుటకు తేలిక. డెల్టాలో నది పల్లమున పారదు, మిట్టమీద పారును. వరదల కాలమున నది తాను తెచ్చిన ఒండ్రుమట్టిని తన గట్టులమీదనే ఎక్కువగా విడుచును. అందువలన గట్టు ఎత్తుగను, గట్టునుండి దూరము పోయినకొలది నేల పల్లముగను ఉండును. కాబట్టి డెల్టా మొదట, నది పాయలుగా చీలకముందే, నీటి మట్టమును కొలదిగా పైకెత్తి గట్టు వెంబడి కాలువలు త్రవ్వినచో, ఏతములు గాని మోటలు గాని లేకయే నీరు తనంతట తాను ప్రతి పొలమునకును దిగును. నదిని ఆపనక్కరలేదు, లేపిన చాలును. అందుచేతనే కాటన్ కట్టిన కట్ట ఎత్తు 12 అడుగులు మాత్రమే. వరద వచ్చినప్పుడు దానిమీదుగా పొరలిపోవును. వరద తీసిన తరువాత నిలిచిన నీరు కాలువలలోనికి మరలును.

చెప్పుటకు తేలికయైనది చేయుటకు తేలిక కాలేదు. ధవళేశ్వరముకడ గోదావరి మధ్య లంకలతో గూడి ఇంచుమించు నాలుగు మైళ్ల వెడల్పున పరచుకొనియుండును. లంకల మధ్యనున్న నాలుగు పాయలకు నాలుగు కట్టలు కావలసివచ్చినవి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను పేళ్లతో ఆ నాలుగు భాగములను నేటికిని పిలుచుచున్నాము. నాలుగును కలిపి రమారమి 12 వేల అడుగుల పొడవు. అడుగున రాయి లేదు. ఎంత లోతునకు పోయినను ఇసుకయే. 1847లో పని ప్రారంభమైనది. ధవళేశ్వరపు కొండలో రాయి కొట్టి, పట్టాలమీద బండ్లలో ఏటియొడ్డునకు చేర్చి, పడవలలో పాయలకు తరలించిరి. వేసవి వచ్చిన పని. వరద వచ్చిన ఆట కట్టు. 1848లో ఎండదెబ్బకు కాటన్ ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. ఆయన మరలివచ్చువరకు కెప్టెన్ ఆర్ పనిని సాగించెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియైనది.

అదే కాలమున లెఫ్టినెంట్ హేగ్ కట్టించిన గన్నవరపు అక్విడక్టును ఇక్కడ చెప్పక విడువరాదు. కాలువ నీటిని వైనతేయ పాయ నెత్తిమీదుగా దాటించి నగరము లంకకు చేర్చు వారధి అది. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల 49 కమానులమీద నీరు నడచిపోవును. క్రింద నది పారును, పైన కాలువ పారును. చుట్టును నీరుండియు ఉప్పునేలతో బాధపడిన లంకవారికి మంచినీరు ఏటిని దాటి నడచివచ్చినది. ఆ ప్రక్కనే ఇటీవలి కాలమున కట్టిన క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆకలిగొని వచ్చినవారికి వేళగానివేళ నైనను వండిపెట్టిన ఆ యిల్లాలు ఆ గన్నవరములోనే కాపురముండెను. పొలమునకు నీరిచ్చిన పనియు, విస్తరిలో అన్నము వడ్డించిన పనియు ఒక్కచోట ప్రక్కప్రక్కనే పేరు నిలుపుకొనుట ఎంతయు ఉచితముగా నున్నది.

ఇంతటి పని ఒక్కని వలన కాదని వేరుగ చెప్పనక్కరలేదు. కాటన్‌కు కుడిభుజముగా నిలిచినవాడు వీణెం వీరన్న. కూలీలను సమకూర్చుటలోను, వారిని నిలబెట్టి పని చేయించుటలోను ఆయన చూపిన నేర్పును ప్రభుత్వము గుర్తించి రాయబహద్దరు బిరుదమిచ్చెను. కాలువగట్ల విగ్రహములలో వీరన్న విగ్రహములు చాల అరుదు. వీరన్నకన్న అరుదైనవి ఇంక రెండు కలవు: రాయి కొట్టినవారి పేళ్లు, మన్ను మోసినవారి పేళ్లు. కరవులో చిక్కి శల్యమైన జనమే అయిదేండ్లు ఎండలో నిలిచి తట్టలు మోసిరి. ఎందరు జ్వరములపాలైరో, ఎందరు ఏటిపాలైరో ఏ శిలాఫలకముపైనను వ్రాసిలేదు. జయంతినాడు కాటన్ మెడలో వేయు దండలో ఒక పువ్వు వారిది. ఆ మాటను సభలో పైకి చెప్పినచో దొరగారి గౌరవమునకు వచ్చు లోపము లేదు.

ఇక ఒక ప్రశ్నను దాటవేయక విచారింతము. కాటన్ కుంఫిణీ ప్రభుత్వపు కొలువులోనివాడు. ఆనకట్టవలన ఆ ప్రభుత్వమునకు శిస్తు పెరిగినది. రాబడి కనబడకున్నచో పై అధికారులు సొమ్ము మంజూరు చేసియుండరు. మనలను ఏలినవారి ఉద్యోగికి మనము దండలు వేయుట తగునా యని చదువుకొన్న యువకులు అడుగుచుందురు. అడుగవలసిన ప్రశ్నయే. దీనికి మేము చెప్పు సమాధానము ఇది. ప్రభుత్వము శిస్తును చూచినది. కాటన్ కరవును చూచెను. నీటిపారుదలకు బదులు రైలుమార్గములపై ధనమంతయు వెచ్చించుచున్నారని ఆయన తన ప్రభుత్వముతోనే జీవితాంతము వాదులాడెను. కాలువలు పంటను పండించును, పడవలను నడపును. రైలు ధాన్యమును మోయగలదు గాని పండింపజాలదని ఆయన వాదము. 1878లో పార్లమెంటు సంఘము ఆయనను పిలిపించి ప్రశ్నించెను. ఆ సంఘము ఆయన పక్షమున తీర్పు చెప్పలేదు. రైలును తక్కువగా అంచనా వేసెనని ఆయనను తప్పుపట్టువారు నేటికిని కలరు. అయినను, ఏలినవారి లాభమును కాక ఏలబడినవారి ఆకలిని లెక్కలోనికి తెచ్చిన అధికారులు ఆ కాలమున ఎందరో లేరు. ఏలుబడిని మరచిపోనక్కరలేదు, అన్నమును మరువరాదు. రెండును జ్ఞాపకముంచుకొనుట మనకు చేతకాని పని కాదు.

స్వతంత్ర భారతమును ఈ విధముగనే తలచినట్లున్నది. నూరేండ్లు దాటిన పాత కట్టకు బదులుగా 1970లో క్రొత్త బారేజీ నిర్మాణము మొదలై 1982లో పూర్తియయ్యెను. ధవళేశ్వరమున 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరమున 39, మొత్తము 175 తలుపులు దానికి కలవు. దానిని కట్టినవారు మన ఇంజనీర్లు.  అయినను దానికి కాటన్ పేరే పెట్టిరి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల మహావరద దానిమీదుగా పోయినది. ఈనాడు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో కలిపి పది లక్షల ఎకరములకు పైగా దాని నీటితో పండుచున్నది.

ఉత్సవపు సంగతికి మరల వత్తము. మే 15వ తేదీకి ఇంకొక విశేషము కలదు. అది కాలువలు కట్టివేసి యుండు కాలము. దాళ్వా పంట కోతలైన తరువాత ఏప్రిలులో నీరు ఆపి, సార్వా నారుమళ్లకు మరల జూనులో వదలుదురు. కాబట్టి కాటన్ జయంతినాడు విగ్రహము కొత్త దండతో కళకళలాడుచుండగా, ఆ ప్రక్కనున్న కాలువ అడుగు బయటపడి యుండును. నీరు నిండియున్నప్పుడు కనబడనిదంతయు ఆనాడు కనబడును. పేరుకొనిన పూడిక కనబడును. గుఱ్ఱపుడెక్కయు, తూటికాడయు కనబడును. పగిలిన తూములు కనబడును. గట్టును కొంచెము కొంచెముగా తినివేసిన ఆక్రమణలు కనబడును. ఊరు పారబోసిన చెత్త కనబడును. ఆ నిర్మాత పుట్టినరోజున ఆయన కట్టడమే మనకు తన లెక్కలపుస్తకమును విప్పి చూపుచున్నట్లుండును.

ఆ పుస్తకములో చదువవలసినది చాల కలదు. తూము దగ్గరి రైతునకు రెండు పంటలు దండిగా పండుచుండగా, శివారు రైతు వంతు నీటికై రాత్రులు గట్టున కాపలా పడుచున్నాడు. కాలువనిండ వదలినను పూడికవలన శివారునకు చేరునది కొలదియే. నీరు వచ్చు దారికన్న నీరు పోవు దారి ఇంకను అధ్వాన్నము. గట్టు మిట్టయని, నడుమ పల్లమని చెప్పుకొంటిమి గదా. ఆ పల్లమునుండి నీటిని సముద్రమునకు తీసుకొనిపోవలసినవి మురుగుకాలువలు. అవి పూడిపోయినచో ఒక్క వానకే చేలు చెఱువులగును. చేపల, రొయ్యల చెఱువుల ఉప్పునీరు పంటకాలువలలో కలియుచున్నదను మొఱ పలుచోట్ల వినబడుచున్నది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పెక్కుమంది నాట్లు మానివేసి పంట విరామము ప్రకటించిరి. గిట్టుబాటు ధర లేమి ఒక కారణము. మురుగు బాధ మరియొక కారణము. నీరులేక నేల బీడుపడిన సీమలో, నీరుండియు రైతు నేలను బీడువెట్టిన దినము వచ్చినది. కాటన్ విగ్రహములకు ఆ సంవత్సరమును దండలు పడినవి.

అందుచేత మేము ఈ ఉత్సవమును గూర్చి ఒక మనవి చేయదలచితిమి. పూలమాలలు మానవలెనని మా తాత్పర్యము కాదు. దండ వేసిన తరువాత సభను అక్కడితో ముగింపక, ఊరివారందరు కలిసి తమ కాలువ వెంబడి తూమునుండి శివారువరకు ఒకసారి నడువవలెను. సంఘాధ్యక్షుడు నడువవలెను, ఇంజనీరు నడువవలెను, ఏడాది పొడుగున గట్టుమీద తిరుగు లష్కరు ముందు నడచి దారి చూపవలెను. పాఠశాల పిల్లలను వెంటబెట్టుకొని, ఈ తూము ఎన్ని ఎకరములకు, ఈ మురుగు ఏ డ్రెయినులో కలియును అని చెప్పుచు పోవలెను. ఎక్కడ పూడినదో, ఎక్కడ తెగినదో ఒక కాగితముమీద వ్రాసికొని, మరుసటి సంవత్సరపు జయంతినాడు ఆ కాగితమునే సభలో చదువవలెను. పోయిన ఏటి పనులలో ఏవి జరిగినవి, ఏవి జరుగలేదు అని లెక్క చెప్పుకొనుటకన్న ఆయనకు తగిన స్తోత్రపాఠము వేరొకటి లేదు. జూనులో నీరు వదలుటకు నడుమ మూడు వారములే యుండును. చేతితో చేయదగిన పనిని ఆ మూడు వారములలో ఊరు తానే చేసికొనవచ్చును. యంత్రములు కావలసిన పనికి ప్రభుత్వమును గట్టిగా అడుగవచ్చును.

ఆ నడకలో ఇంకొక లాభమును కలదు. తూము దగ్గరివాడును, శివారువాడును సాధారణముగా కలిసికొనునది తగవులాడుకొనునప్పుడే. పండుగనాడు కలిసి నడచి, కాలువ కొసన నిలుచున్నప్పుడు, తాను మళ్లించిన నీరు ఎవరి నోటికి దూరమైనదో పైవాడు కన్నులార చూచును. కాటన్ రాళ్లతో కట్టినది నదికి. ఊళ్ల నడుమ తెగిన కట్టలను మనము కట్టుకొనవలసి యున్నది.

దేవాలయము కట్టిన స్థపతి తన పేరు చెక్కుకొనకపోయినను, దీపము పెట్టుటకు వచ్చిన ప్రతివాడును అతనికి మ్రొక్కినట్లే. డెల్టా యను ఈ పెద్ద కట్టడమునకు గర్భగుడి ధవళేశ్వరము, ప్రాకారము సముద్రము. ఇందులో నిత్యదీపము పిల్లకాలువలో పారు నీరు. సార్వాకు నీరు వదలిన దినమున ఆ నీరు ఆగక, చెడక, చివరి చేనివరకు చేరినచో కాటన్‌కును, వీరన్నకును, పేరు తెలియని ఆ వేలాది కూలీలకును జయంతి సక్రమముగా జరిగినట్లు మనము భావింపవచ్చును.